పడింది, చూశాను

వూచ్,
అక్టోబరు ఆఖరి ఆదివారం

వాండా పిన్నీ,

అందుకే కడిగేశాను. నిన్నటి కాగితం ఈ మాట దగ్గరే ఆగిపోయింది, అమ్మ వచ్చేసింది మరి. నిన్నటిదంతా భయంలో గజిబిజిగా రాశాను. అది చింపేశా. ఇదే చదువు.

శుక్రవారం స్కూలయ్యాక ఎప్పట్లాగే అమ్మ ల్యాబ్‌కి వెళ్ళి మూల బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్నా. అమ్మా, ఒటీలియా అక్కా కొత్త బ్యాచ్ పెడుతున్నారు. ఒటీలియా అంటే అమ్మ దగ్గర పీహెచ్‌డీ చేస్తోందే, వానొచ్చినా సైకిలు మీదే వచ్చి ల్యాబంతా బురద చేస్తుందని చెప్పానే, ఆవిడ.

వాళ్ళు చేసేది జెల్ కణాలు. కంటికి కనపడవు. చల్లగా ఉన్నంతసేపు నీళ్ళు తాగి ఉబ్బి కూర్చుంటాయి. ముప్ఫై రెండు డిగ్రీలు దాటితే తాగిందంతా కక్కేసి ముడుచుకుపోతాయి. ముడుచుకున్నాక ఒకదానికొకటి అతుక్కుంటాయి. మన ఒంట్లో ముప్ఫై ఏడు కదా, మందు మోసుకుంటూ రక్తంలోకి వెళ్ళాల్సినవి అక్కడ అతుక్కుంటే ఇంకేముంది. అందుకని చేసేటప్పుడే కొంచెం ఆసిడ్ కలుపుతారు. ఆ ఆసిడ్ గ్రూపులు కణంలో అక్కడక్కడా కూర్చుని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అప్పుడు వేడిలో కూడా పూర్తిగా ముడుచుకోదు, పక్కదాన్ని అంటుకోదు. "మాటల్లేని తోటికోడళ్ళని ఒకే ట్రాములో ఎక్కించినట్టు" అంటుంది అమ్మ. ఆ కాస్త ఆసిడ్‌తో కణం స్వభావమే మారిపోతుందట.

అమ్మ ల్యాబ్‌లో ఒక పద్ధతుంది. ఏది పోసినా పోసినవాళ్ళు "పడింది" అనాలి, పక్కనున్నవాళ్ళు చూసి "చూశాను" అనాలి. అమ్మే పెట్టింది. శుక్రవారం అమ్మ "పడింది" అంది. ఒటీలియా థర్మామీటరు వైపు చూసుకుంటూ, తల కూడా తిప్పకుండా "చూశాను" అంది. అందరూ అంతే, అమ్మ పోస్తుంటే ఎవరూ చూడరు. అమ్మ తప్పు చెయ్యదు కదా.

నేను చూశాను పిన్నీ. అమ్మ పోసింది ఉత్త నీళ్ళు. ఆసిడ్ ఉన్న చిన్న గ్లాసు కిటికీ గట్టు మీద అలాగే ఉంది.

వాళ్ళు టీ తాగడానికి వెళ్ళగానే నేను ఆ గ్లాసు సింకులో పారబోసి కడిగేశా. వెనిగర్ జాడీలో తల దూర్చినట్టు ముక్కు మండింది. ఎందుకు కడిగానంటే, ఒటీలియా చూస్తే అమ్మని అడుగుతుంది. అడిగితే అమ్మ అరుస్తుంది. ఈమధ్య ఎవరేం అడిగినా అరుస్తోంది. నన్ను నీ పేరుతో పిలుస్తోంది. కొన్న ట్రాము పాసే మళ్ళీ కొంటోంది. మొన్న మన స్టాపులో దిగి, ఎటెళ్ళాలో తెలీక నా వైపు చూసి నవ్వింది. దారి అడిగే కొత్తవాళ్ళు నవ్వుతారే, ఆ నవ్వు.

అక్కడ పరాయి దేశంలో నువ్వు పనికి కుదిరి చూసుకుంటున్న అసుంతా అవ్వకి మతిమరుపు జబ్బే కదా. ఆవిడకి మొదట్లో ఎలా ఉండేదో కనుక్కుని రాయవా? ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకు, ఫోను హాల్లో ఉంది. ఈమెయిల్ అమ్మ ల్యాబ్‌లో తప్ప లేదు. పెద్ద పోస్టాఫీసుకి నా పేరు మీద రాయి, నేను వెళ్ళి తెచ్చుకుంటా.

నీ కలీనా

~

బారి,
నవంబరు, చలి ఇక్కడ ఇంకా మొదలవలేదు

మా ఇంటి డిటెక్టివ్ కలీనాకి,

ఏమే, పిన్ని మీద ప్రేమ కొద్దీ రాశావనుకున్నా. తీరా చూస్తే కెమిస్ట్రీ పాఠం! మీ అమ్మ చిన్నప్పుడు నాకు పంచదార కరగడం గురించి చెప్తుంటే నేను పంచదార తినేసేదాన్ని. మళ్ళీ నువ్వు తయారయ్యావా నా ప్రాణానికి?

అసుంతా అవ్వ ఇవాళ పొద్దున్నే నా కొప్పు పట్టుకుని "దొంగమొహమా, నా గాజులు ఇచ్చెయ్" అంది. గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి. చూపిస్తే "ఇవి నీవి, నావి ఇచ్చెయ్" అంటుంది. సరేనని ఆవిడ గాజులే తీసి మళ్ళీ ఆవిడకే ఇచ్చా. "బుద్ధొచ్చిందా?" అంది. వచ్చిందవ్వా అన్నా. కొడుకు ఆదివారం ఆదివారం వస్తాడు. గుమ్మంలోనే నిలబడి "అమ్మ బాగుందా?" అని నన్ను అడిగి వెళ్ళిపోతాడు. ఆవిడ లోపల కుర్చీలోనే ఉంటుంది. మంచివాడే, ఏం చేస్తాడు పాపం.

ఆవిడకి మొదట్లో ఎలా ఉండేదో నాకేం తెలుసు? నేను వచ్చేసరికే ఇలా ఉంది.

మీ అమ్మకి ఏమీ లేదు. నలభై ఏడేళ్ళు వచ్చాయి, ఆడవాళ్ళకి ఆ వయసులో నిద్ర పట్టదు, చిరాకు, ఒళ్ళంతా సెగలు. దాని పైన ల్యాబు, దాని పైన నువ్వు. బీట్‌రూట్ సూప్ చేసి పెట్టు, రక్తం పడుతుంది. పెందరాళే పడుకోమను. నీ పేరు బదులు నా పేరు పిలిచిందంటే నేను గుర్తొచ్చానన్నమాట, సంతోషం.

ఆ గ్లాసు సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. ఒటీలియాకీ చెప్పకు. పోయింది పోయింది.

సమాధుల పండగ దాటిపోయింది, అయినా అమ్మమ్మ సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు నా పేరున కూడా ఒక దీపం పెట్టు.

పిన్ని

~

వూచ్,
డిసెంబరు

పిన్నీ,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. గాజుల దగ్గర నవ్వాను కూడా. ఇంటికొచ్చేలోపు నవ్వు పోయింది.

దీపం పెట్టాను. అసలు సంగతికి ముందు అక్కడ జరిగింది ఒకటి చెప్పాలి. అమ్మ, అమ్మమ్మ సమాధి రాయి ముందు నిలబడి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది. ఏంటమ్మా అంటే "దీపాలు సరిపోతాయా అని" అంది. దీపాలు నా సంచిలో ఉన్నాయి. అమ్మ చూస్తున్నది రాయి మీది ఏళ్ళని. అమ్మమ్మ యాభై మూడుకే పోయిందని నాకు తెలుసు గానీ ఎప్పుడూ అమ్మ వయసుతో లెక్కవేసి చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ బ్యాచ్ పారేస్తారనుకున్నా. చేసిన ప్రతి బ్యాచ్‌నీ వేడిచేసి కొలిచి చూస్తారు, తేడా ఉంటే బయటపడుతుంది, నా మీది బరువు దిగిపోతుంది అనుకున్నా. కానీ అమ్మ "కొలతలు నేను తీసేశాను, బాగున్నాయి" అని చెప్పిందట. తీసిందో లేదో. పోయిన బ్యాచ్‌వి తీసింది గుర్తుండి ఇవే అనుకుందేమో. అమ్మ అబద్ధం చెప్పదు, నీకు తెలుసు కదా. తీశాననే అనుకుంటోంది.

ఒటీలియా ఒకసారి నాకు ఒక ఆట చూపించింది. ఆసిడ్ లేని కణాలున్న చిన్న సీసా ఇచ్చి, "పిల్లా, చంకలో పెట్టుకుని పక్షి గుడ్డు పొదిగినట్టు పొదుగు" అంది. చల్లగా ఉన్నప్పుడు పల్చటి మజ్జిగ తేటలా ఉంది. తీసి చూస్తే చిక్కటి పాలు! చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పొదిగితే పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలు. ఆసిడ్ ఉన్న సీసా ఎంత పొదిగినా తేటగానే ఉండిపోయింది, ఉప్పుకి కూడా లొంగలేదు. చల్లగా ఉన్నంతసేపు రెంటికీ తేడా కనిపెట్టలేం. "అందుకే మీ అమ్మ 'పడింది, చూశాను' పెట్టింది" అంది ఒటీలియా.

సోమవారం ఆ బ్యాచ్‌లోంచి ఒక చిన్న సీసా నింపుకుని స్కూలుకి తీసుకెళ్ళా. ఇంగ్లీషు క్లాసంతా చంకలో పెట్టుకునే కూర్చున్నా. టీచరు "చెయ్యి నొప్పా?" అంది. బాత్రూములోకెళ్ళి తీసి చూశా.

పాలు పిన్నీ. క్యాంటీన్ ఉప్పు వేశా. విరిగిపోయింది.

జనవరిలో దీన్ని వేరే ఊళ్ళో పశువుల డాక్టర్లకి పంపుతారు. కుందేళ్ళ రక్తంలోకి ఎక్కిస్తారట. కుందేలు ఒళ్ళు మనకన్నా వేడి. రక్తంలో ఉప్పు ఉంటుంది. నాకు రాత్రిళ్ళు ఆ కుందేళ్ళ కళ్ళే కనిపిస్తున్నాయి.

చెప్పెయ్యనా? ఎవరికి చెప్పను? అమ్మకి చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళా. అమ్మ పిండి కలుపుతూ పాట పాడుకుంటోంది. చాలా రోజులైంది పాడి. తిరిగి వచ్చేశా.

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తా. తొందరగా రాయి.

కలీనా

~

బారి,
డిసెంబరు, పండగ ముందు

కలీనా,

చెప్పకు.

ఆ ల్యాబ్ తప్ప మీ అమ్మకి ఏముంది? ఉద్యోగం పోతే ఇంటి అద్దె ఎవరు కడతారు? నిన్ను ష్చెచిన్‌లో మీ నాన్న దగ్గరికి పంపేస్తారు, ఆ కొత్తావిడ పిల్లలకి నిన్ను కాపలా పెడతారు. అప్పుడు అమ్మ ఒక్కతే ఉంటుంది. ఒక్కతే ఉండకూడదు.

కుందేళ్ళ కోసం ఏడవకు. క్రిస్మస్ పండక్కి మనం చేపల్ని స్నానాల తొట్టెలో ఈదించి మరీ చంపుకుంటాం.

నేను ఈస్టర్‌కి వస్తా. అప్పటిదాకా ఓపిక పట్టు. సీసా పారెయ్.

వాండా

~

వూచ్,
జనవరి, మంచు

పిన్నీ,

కుందేళ్ళు చచ్చిపోయాయి. అన్నీ. మందు ఎక్కించిన రోజే. ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టాయట.

నువ్వు చెప్పినట్టే చెప్పకుండా ఉన్నా. సీసా మాత్రం పారెయ్యలేదు. ఫ్రిజ్‌లో ఆవాల ముద్ద డబ్బా వెనక దాచా.

ప్రొఫెసర్ జరెంబా అమ్మ ల్యాబ్‌కి వచ్చాడు. ఆయనే వాళ్ళందరికీ పెద్ద. నేను మూల బల్ల దగ్గరే ఉన్నా. నన్ను ఎవరూ పట్టించుకోరు, కుర్చీ ఉన్నట్టు ఉంటా. ఆయన అరవలేదు. అరిచింది అమ్మే.

"ఆసిడ్ నేనే పోశాను. నా చేత్తో పోశాను. తూచి ఇచ్చింది ఒటీలియా. సీసా మారిపోయి ఉంటుంది, ఆవిడనే అడగండి."

ఒటీలియా మొహం తెల్లగా అయిపోయింది. "మేడమ్, నేను తూచింది ఆసిడే. వాసనే చెప్తుంది కదా."

"అయితే నేను పొయ్యలేదంటావా?"

"అలా అనలేదు మేడమ్."

"నేను 'పడింది' అన్నానా లేదా?"

"అన్నారు."

"నువ్వు 'చూశాను' అన్నావా లేదా?"

ఒటీలియా థర్మామీటరు వైపు చూసింది. చూడలేదు అని చెప్తే ఒక తప్పు. చూశాను అంటే తప్పంతా తన తూకంలోనే. ఆఖరికి "అన్నాను" అంది.

జరెంబా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "డాక్టర్ బొజెనా ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారమ్మా" అన్నాడు ఒటీలియాతో. అంత మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనంతోనే ఆవిడ పని పోయింది. స్కాలర్‌షిప్ ఆపేశారు. వాళ్ళ ఊరు వెళ్ళిపోతోంది. పుస్తకాలన్నీ సైకిలు వెనక కట్టుకుంటుంటే నేను తాడు పట్టుకున్నా. "పిల్లా, నీ మొహమేంటి, నాకన్నా నువ్వే ఏడ్చేలా ఉన్నావ్" అని నా ముక్కు గిల్లింది. "మీ అమ్మ మీద కోపం లేదు. నేను చూడాల్సింది. చూడలేదు. అంతే." మంచులో సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వెళ్ళింది. నేను నోరు తెరవలేదు పిన్నీ. తాడు పట్టుకున్నా, అంతే చేశా.

ఇంటికొచ్చాక అమ్మతో "నువ్వు అలిసిపోయావేమో, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం" అన్నా. ఇంతే అన్నా. చేతిలో ప్లేటు సింకులోకి విసిరేసింది.

"నేను మా అమ్మని కాను!" అంది.

తరవాత నేల మీద కూర్చుని పెంకులు ఏరింది. నేను ఏరతానంటే చెయ్యి పట్టుకుని "తెగుతుందే పిట్టా, నువ్వు ముట్టుకోకు" అంది. ఎప్పటి అమ్మే.

అమ్మమ్మ పక్షవాతం వచ్చి పోయిందని నువ్వే కదా చెప్పావ్? మరి అమ్మ అలా ఎందుకంది? "ఒక్కతే ఉండకూడదు" అని నువ్వెందుకు రాశావ్? నాకు పదహారేళ్ళు. నిజం రాయి. జోకులు రాయకు.

కలీనా

~

బారి,
ఫిబ్రవరి మొదట్లో

తల్లీ,

ఈ ఉత్తరం రాసి చింపి మళ్ళీ రాస్తున్నా. అసుంతా అవ్వ పక్కనే కూర్చుని ఎవరికే ఉత్తరం, మొగుడికా అంటోంది.

మీ అమ్మమ్మది పక్షవాతం కాదు.

నలభై ఎనిమిదేళ్ళకి మొదలైంది. అమ్మమ్మ బట్టల మిల్లులో రంగులు కలిపేది. ఒక రోజు ఎరుపు బదులు నీలం కలిపి, తను కలిపింది ఎరుపే అని అందరితో పోట్లాడింది. మేం నవ్వుకున్నాం. మీ అమ్మకి అప్పుడు నీ వయసు కన్నా కాస్త ఎక్కువ, నాకు తక్కువ. ఆ తరవాత నవ్వలేదు. మిల్లువాళ్ళు పంపేశారు. మీ అమ్మ చదువుకుంటూ, ఉదయం సాయంత్రం తనే తినిపించేది. నేను పక్కింట్లో దాక్కునేదాన్ని. నాకు ఆ కళ్ళు చూస్తే భయం. ఒక జనవరి పొద్దున అమ్మమ్మ రాత్రి గౌనుతో బయటికి నడిచి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనే ఉన్నాను, నిద్రపోతున్నాను. తలుపు చప్పుడు విన్నాను, లేవలేదు. ట్రాము డిపో వెనక మంచులో, ప్రాణం లేకుండా దొరికింది.

వాళ్ళ అమ్మ కూడా చిన్న వయసులోనే అలాగే అయిందట. అప్పట్లో ఆ జబ్బుకి పేరు పెట్టేవాళ్ళు కాదు. మా ఇంట్లో ఇది దిగుతూ వస్తుంది. అందరికీ రాదు. మీ అమ్మకి రాకూడదని నేను చర్చిలో ఎన్ని కొవ్వొత్తులు వెలిగించానో. నాకూ రావచ్చు, రాకపోవచ్చు. నీకూ అంతే. ఈ వాక్యం రాయడానికే ఇన్ని కాగితాలు చింపాను.

నీకు చెప్పకూడదని నేనూ మీ అమ్మా అనుకున్నాం. నువ్వు పుట్టిన రోజే అనుకున్నాం. నీకు తెలిస్తే మాట మర్చిపోయిన ప్రతిసారీ భయపడతావని. ఇప్పుడు తెలిసింది కాబట్టి భయపడతావు. నేనూ భయపడతాను. గ్యాస్ ఆపానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూస్తాను. ఆపే ఉంటుంది. అయినా వెళ్తాను.

నేను ఇక్కడికి డబ్బు కోసమే రాలేదు. మీ అమ్మకి ఆ వయసు దగ్గర పడుతుంటే చూడలేక వచ్చాను. చివరికి ఎవరి అమ్మకో అన్నం కలిపి నోట్లో పెడుతున్నా.

చెప్పకు అని నీకు రాశాను కదా, అది నీ కోసం కాదు, మీ అమ్మ కోసం కూడా కాదు. చెప్తే నేను రావాల్సి వస్తుందని. తప్పు చేశాను. ఆ అమ్మాయిని అలా పోనివ్వకు. కానీ బొజెనాకి అది నీ నోటి నుంచి తెలిస్తే తట్టుకుంటుందో లేదో నాకు తెలీదు. ఏం చెయ్యాలో నీకే వదిలేస్తున్నా, పదహారేళ్ళ పిల్లకి. క్షమించు.

ఇక్కడ ఇంకో మనిషి దొరికేదాకా ఆగి నెలాఖరు బస్సుకి బయల్దేరతా. టికెట్ తీసుకున్నా. ఈసారి నిజం.

వాండా

~

వూచ్,
ఫిబ్రవరి, చీకటి పడుతోంది

పిన్నీ,

నీ ఉత్తరం చదివి రెండు ట్రాములు వదిలేశా. స్టాపులోనే కూర్చున్నా. పక్కన ఒకావిడ "ఏమ్మా, అబ్బాయి మోసం చేశాడా?" అంది. అవునండీ అన్నా. "ముక్కు తుడుచుకో, ఇంకోడు వస్తాడు" అంది. నవ్వొచ్చింది. ఎంత సులువు ఆ బాధ.

నీ మీద కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు లేదు. ఆ తలుపు చప్పుడు విని నువ్వు లేవలేదని రాశావే, అది ఎవరికీ చెప్పి ఉండవు. నేనూ ఎవరికీ చెప్పను.

మంగళవారం స్కూలు ఎగ్గొట్టి ప్రొఫెసర్ జరెంబా దగ్గరికి వెళ్ళా. తలుపు తియ్యగానే "అమ్మ పంపిందా?" అన్నాడు. కాదు సార్ అన్నా. స్కూల్లో డిబేట్లలో ఇంగ్లీషులో గంటలు గంటలు వాగుతానా, అక్కడ మన భాషలో ఒక్క వాక్యం దొరకలేదు. సీసా తీసి చంకలో పెట్టుకున్నా.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఆగండి సార్."

జ్వరం చూసుకునే పిల్లలా నేను, డాక్టరులా ఆయన. గోడ గడియారం చప్పుడు. తీసి బల్ల మీద పెట్టా. తెల్లగా విరిగిపోయి ఉంది. అది చల్లారి మళ్ళీ తేటగా అయ్యేదాకా ఆయన దాన్నే చూశాడు. ఆయనకి చెప్పాల్సిన పని లేదు కదా, చూస్తేనే తెలుస్తుంది అందులో ఆసిడ్ లేదని.

"ఇందులో ఆసిడ్ పడలేదు. కానీ తూకంలో తప్పా, పొయ్యడంలో తప్పా అని దీన్ని చూసి ఎలా చెప్తాం?" అన్నాడు.

అప్పుడు చెప్పా. గ్లాసు కిటికీ గట్టు మీద నిండుగా ఉందని, నేనే పారబోశానని. ఒటీలియా సరిగ్గానే తూచిందని.

"మీ అమ్మ గ్లాసు మర్చిపోయిందా? ఇదేనా మొదటిసారి?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పొచ్చు పిన్నీ. అందరూ ఒకసారి మర్చిపోతారు. ఒటీలియా తిరిగొస్తుంది, అమ్మ ఉద్యోగం ఉంటుంది. నోటిదాకా వచ్చింది ఆ అబద్ధం. కానీ కుందేళ్ళ మీద ఒక్కసారి బాగా పనిచేస్తే ఆ తరవాతి బ్యాచ్ మనుషులకట. ఆ మాట అమ్మే సంతోషంగా చెప్పింది, పిండి కలుపుతూ పాడుకున్న రోజున.

"కాదు సార్" అన్నా.

ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడుచుకున్నది అద్దాలు కాదు. "నీ పేరు చెప్పను" అన్నాడు.

నిన్న ఒటీలియాకి ఫోన్ చేసి రమ్మన్నారట. ఇవాళ అమ్మని పిలిచారు. సెలవు మీద వెళ్ళమన్నారు, పరీక్షలు చేయించుకోమన్నారు. అమ్మ మధ్యాహ్నమే వచ్చేసింది. కోటు తియ్యకుండా వంటింట్లో కూర్చుంది. నేను టీ పెట్టి ఇచ్చా. తాగలేదు.

"ఎవరో చెప్పారు కలీ. ఎవరన్నది జరెంబా చెప్పడు. ఆరోజు గదిలో నేనూ ఒటీలియానే. అది చెప్పదు, దానికి తెలిస్తే అప్పుడే చెప్పేది. ఇంకెవరు?"

నేను స్పూను తిప్పుతున్నా.

"నాకు నువ్వు తప్ప ఎవరున్నారే" అంది. నా తల నిమిరింది. ఆ చెయ్యి కింద నేను మామూలుగా ఊపిరి పీల్చడానికి ఎంత కష్టపడ్డానో.

హోంవర్కు ఉందని గదిలోకి వచ్చేశా. అప్పట్నుంచి ఇది రాస్తున్నా. నీ ఉత్తరాలు కూడా ముందేసుకుని, అమ్మమ్మ సంగతి ఉన్న కాగితం మళ్ళీ చదివి. వంటింట్లో చాలాసేపు చప్పుడు లేదు. ఇప్పుడే కుర్చీ జరిగింది. పిన్నీ, నువ్వు వచ్చాక అమ్మకి మనం ఇద్దరం కలిసి చెప్దాం, నేను ఒక్కదాన్నే చెప్పలేను, నువ్వు పక్కన ఉంటే

తలుపు కొడుతోంది.

"కలీ. ఆరోజు మూల బల్ల దగ్గర నువ్వున్నావు కదూ? ఇప్పుడే గుర్తొచ్చింది."

కోపంగా లేదు పిన్నీ. కోపంగా ఉన్నా బాగుండేది.

"తలుపు తియ్యమ్మా. తిట్టను. నేనింకా ఏమేం మర్చిపోయానో నీకు తెలుసు కదా, అవన్నీ ఒక్కొక్కటీ చెప్పు."

గొళ్ళెం కదులుతోంది. కాగితాలన్నీ పరుపు కింద